వాషింగ్టన్ స్మారక స్తంభం దగ్గర ఎర్త్‌క్యాష్: రెండు రంగుల పాలరాయిపై ప్రశ్నలు ఎలా కూర్చాలి?

రాతిబాట (ప్రశ్న):

అందరికీ నమస్కారం. అమెరికా రాజధానిలోని వాషింగ్టన్ స్మారక స్తంభం ఆధారంగా ఒక ఎర్త్‌క్యాష్ తయారుచేసి సమీక్షకు పంపాలనుకుంటున్నాను. జియోక్యాషింగ్‌కు, అంటే జీపీఎస్ సాయంతో దాచిన డబ్బాలను వెతికే ఆటకు, కొత్తవారి కోసం ఒక్క మాట చెబుతాను. ఎర్త్‌క్యాష్‌లో డబ్బాను దాచడం ఉండదు. జీపీఎస్ నిర్దేశాంకాలు మనల్ని ఏదో ఒక భూవైజ్ఞానిక విశేషం దగ్గరికి తీసుకెళ్తాయి. అక్కడ కళ్లతో చూసి, కొలిచి, ఆలోచించి రాసే జవాబులే మనం ఆ చోటికి వెళ్లామనడానికి సాక్ష్యం. అమెరికా భూవిజ్ఞాన సంఘం తోడ్పాటుతో 2004లో మొదలైన పద్ధతి ఇది.

నన్ను ఆకర్షించింది ఆ స్తంభం మీది రంగు మార్పు. 1848 జూలై 4న శంకుస్థాపన జరిగిన ఈ కట్టడం, విరాళాలు అడుగంటి, నిర్మాణ సంఘంలో తగాదాలు ముదిరి, 1854లో సుమారు 150 అడుగుల ఎత్తు దగ్గర ఆగిపోయింది. ఆ తరువాత అంతర్యుద్ధం వచ్చింది. 1876లో అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ బాధ్యత తీసుకున్నాక, సైనిక ఇంజనీరు థామస్ లింకన్ కేసీ ఆధ్వర్యంలో 1879లో పునాదిని బలపరిచే పనితో నిర్మాణం మళ్లీ మొదలైంది. 1884 డిసెంబరు 6న కొన మీద చిన్న అల్యూమినియం శిఖరాన్ని అమర్చేసరికి స్తంభం 555 అడుగుల ఎత్తుకు చేరింది. కింది భాగానికి వాడిన పాలరాయి మేరీలాండ్‌లో బాల్టిమోరుకు ఉత్తరాన ఉన్న టెక్సాస్ అనే చిన్న ఊరి గనులది (టెక్సాస్ రాష్ట్రానిది కాదు). పని మళ్లీ మొదలైనప్పుడు దాని మీద కొన్ని వరుసలు మసాచుసెట్స్‌లోని షెఫీల్డ్ రాయితో కట్టి, ఆ పైన కొన దాకా మళ్లీ మేరీలాండ్‌కే వచ్చి, ఆ టెక్సాస్ పక్కనే ఉన్న కాకీస్‌విల్ రాయిని వాడారు.

నేను రాసుకున్న ముసాయిదాలో మూడు ప్రశ్నలు ఉన్నాయి. మొదటిది, మూడు గనుల పేర్లు, అవి వాడిన కాలాలు రాయమనడం. రెండవది, రంగు మారే గీత నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో అంచనా వేయమనడం. మూడవది నాకు బాగా నచ్చినది: ఆ గీతకు కింద 1854 నాటి రాయి, పైన 1880ల రాయి ఉన్నాయి కనుక, భూమి పొరల మధ్య కాలపు ఎడాన్ని సూచించే అన్‌కన్ఫార్మిటీతో దాన్ని పోల్చి వివరించమనడం. వీటిలో ఏవి నిలుస్తాయి, ఏవి నిలవవు? జవాబులు అంతర్జాలంలో వెతికితే దొరికిపోకుండా ప్రశ్నలకు చిన్న గూఢలిపి తొడగవచ్చా అన్నది కూడా నా సందేహం.

దిక్సూచి:

రాతిబాట గారూ, చోటు ఎంపిక చాలా బాగుంది. ప్రశ్నల గురించి మాత్రం నిర్మొహమాటంగా చెబుతాను.

మొదటి ప్రశ్న నిలవదు. గనుల పేర్లు ఇంట్లో కూర్చుని రాయగలిగినవి; మీరే పై పేరాలో వాటిని రాసేశారు. ఎర్త్‌క్యాష్ ప్రశ్నకు జవాబు ఆ చోటున నిలబడి, ఆ రాయిని చూసినవారికే రావాలి. సమాచార ఫలకం మీద ఉన్న వాక్యాన్ని ఎత్తి రాస్తే సరిపోయే ప్రశ్నను కూడా సమీక్షకులు సాధారణంగా వెనక్కి పంపుతారు, ఎందుకంటే ఫలకాన్ని చదివినవారు రాయివైపు తలెత్తకుండానే వెళ్లిపోవచ్చు. గనుల సంగతి పాఠంలో భాగంగా మీరే చెప్పండి. ఆ పాఠం కూడా భూగర్భశాస్త్రం చదవని పద్నాలుగేళ్ల పిల్లలకు అర్థమయ్యే స్థాయిలో ఉండాలన్నది ఎర్త్‌క్యాష్ నియమాల్లో ఉన్న మాటే.

గూఢలిపి ఆలోచన వదిలేయండి. ఎర్త్‌క్యాష్‌లో నిర్దేశాంకాలు నేరుగా విశేషం దగ్గరికే తీసుకెళ్లాలి. చిక్కుముడి విప్పితేనే అసలు చోటు తెలిసే ఆట కావాలంటే మిస్టరీ రకం వేరే ఉంది. దానిలో చూపించే నిర్దేశాంకాలకూ అసలు చోటుకూ మధ్య దూరం సుమారు మూడు కిలోమీటర్లకు మించకూడదు. కానీ దానికి దాచిన డబ్బా ఉండాలి, ఈ స్తంభం చుట్టూ ఉన్న మైదానంలో డబ్బా దాచే ప్రసక్తే లేదు. ఇక్కడ చిక్కుముడి రాయిలోనే ఉంది. ఒకే రకం పేరున్న రెండు రాళ్లు ఒకే గాలిలో, ఒకే వానలో నిలబడి వేర్వేరుగా ఎందుకు కనిపిస్తున్నాయన్నదే ఆ చిక్కుముడి. దానికి లిపి తొడిగితే సందర్శకుడి సమయమంతా అక్షరాలకు పోతుంది, రాయికి మిగలదు.

మూడవ ప్రశ్న మీకు నచ్చిందన్నారు కనుక దాని మీద కాస్త ఎక్కువ రాస్తాను. అన్‌కన్ఫార్మిటీ అంటే కింది పొరలు ఏర్పడి, తరచుగా వంగి లేచి, కోతకు గురై, ఆ కోత పడిన ఉపరితలం మీద చాలా కాలం తరువాత కొత్త పొరలు పేరుకోవడం. స్కాట్లాండ్‌లోని సికార్ పాయింట్ దగ్గర 1788లో భూవిజ్ఞాని జేమ్స్ హట్టన్ చూసింది అదే: నిలువుగా లేచిన పాత పొరలు, వాటి కొనలను కోసేసినట్టున్న ఉపరితలం, దాని మీద స్వల్పంగా వాలిన ఎర్రటి ఇసుకరాయి. ఆ ఎడం కోట్ల సంవత్సరాలది, దాన్ని మిగిల్చింది ప్రకృతి. స్తంభం మీది గీతలో ఎడం పనివారిది, డబ్బులదీ రాజకీయాలదీ. రాయి వయసుకూ దానికీ సంబంధం లేదు; కింది రాయి, పైరాయి మేరీలాండ్‌లో ఒకే పాలరాయి విభాగానికి చెందినవి. పోలిక కవిత్వంలో అందంగా ఉంటుంది. కానీ దాన్ని ప్రశ్నగా పెడితే, గీతకు పైన ఉన్న రాయి భూమిలో కూడా తరువాతే పుట్టిందని ఒక విద్యార్థి నమ్మి వెళ్లే ప్రమాదం ఉంది. పాఠం చెప్పే చోట ఆ ప్రమాదాన్ని నేను ఒప్పుకోలేను.

స్ఫటికం:

దిక్సూచి గారు చెప్పినదానితో ఏకీభవిస్తూ, ఆ గీత వెనుక ఉన్న అసలు భూవిజ్ఞానం ఏమిటో రాస్తాను. మీ మూడవ ప్రశ్న దానిలోంచే పుట్టవచ్చు.

పాలరాయి ఒకప్పుడు సున్నపురాయి. సముద్రపు అడుగున పేరుకున్న సున్నపు బురద గట్టిపడి రాయి అయ్యి, పర్వతాలు లేచే సమయంలో లోతుకు దిగి, వేడికీ ఒత్తిడికీ లోనై, దానిలోని కాల్సైట్ రేణువులు మళ్లీ స్ఫటికీకరణం చెందితే పాలరాయి అవుతుంది. బాల్టిమోరు ప్రాంతపు పాలరాయి అపలేచియన్ పర్వతాల తొలి దశలో, సుమారు 45 కోట్ల సంవత్సరాల క్రితం, ఈ మార్పుకు లోనైంది. అదే విభాగంలో పక్కపక్కనే ఉన్న గనుల్లో కూడా రాయి ఒకేలా ఉండదు. టెక్సాస్ గనుల రాయి ముతక రేణువుల కాల్సైట్ పాలరాయి, అంటే ప్రధానంగా కాల్షియం కార్బనేట్. స్తంభం పై భాగానికి తెచ్చిన కాకీస్‌విల్ రాయి సన్నటి రేణువుల డోలమైట్ పాలరాయి, అంటే దానిలో కాల్షియంతోపాటు మెగ్నీషియం కూడా కార్బనేట్‌గా ఉంటుంది. అసలు బురద కూర్పు, తరువాత దానిలోకి ఊరిన నీటి కూర్పు పొరపొరకూ మారినందువల్ల వచ్చిన తేడా ఇది.

ఈ తేడా వానలో బయటపడుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడు కరిగిన మామూలు వాన నీటికే సుమారు 5.6 పీహెచ్ ఉంటుంది (ఈ కొలమానంలో 7 కంటే తక్కువైతే ఆమ్లం). బొగ్గు, పెట్రోలు మండించడం వల్ల వచ్చే గంధక, నత్రజని ఆక్సైడులు కలిస్తే ఆమ్లత ఇంకా పెరుగుతుంది. కాల్సైట్ అటువంటి నీటిలో డోలమైట్ కంటే త్వరగా కరుగుతుంది. దీనికి తోడు ఎండ పని చేస్తుంది. కాల్సైట్ స్ఫటికం వేడెక్కినప్పుడు ఒక అక్షం వెంబడి సాగి, దానికి అడ్డంగా ఉన్న దిశలో కొద్దిగా కుంచించుకుపోతుంది. పాలరాయిలో స్ఫటికాలు రకరకాల దిశల్లో తిరిగి ఉంటాయి కనుక, ప్రతి ఎండకూ ప్రతి చలికీ పక్కపక్క రేణువులు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఏళ్ల తరబడి అలా జరిగితే రేణువుల మధ్య పట్టు సడలి, ఉపరితలం పంచదార పలుకుల్లా గరుకుగా మారి, వేలితో రాస్తే రాలిపోయే స్థితికి వస్తుంది. రేణువు ముతకగా ఉన్నకొద్దీ ఈ గరుకుతనం కంటికి సులువుగా తెలుస్తుంది.

ఇక సందర్శకుడు ఏం చేయాలి? స్తంభం పాదం దగ్గర, కంటి ఎత్తులో ఉన్న ఒక రాతి దిమ్మెను ఎంచుకోమనండి. సూర్యుడు పక్క నుంచి పడుతున్నప్పుడు తలను నెమ్మదిగా అటూ ఇటూ తిప్పితే, ఒక్కొక్క స్ఫటికపు చదునైన ముఖం ఒక్క క్షణం అద్దంలా మెరిసి ఆరిపోతుంది. ఆ మెరిసిన మచ్చ వెడల్పే దాదాపు ఆ రేణువు పరిమాణం. మిల్లీమీటరు గీతలున్న కొలబద్దను రాయికి తగలకుండా దగ్గరగా పట్టుకుని అటువంటి మెరుపులను కొన్నింటిని కొలవమనండి. రాయిలో సన్నటి బంగారు రంగు లేదా గోధుమ రంగు అభ్రకపు చారలు కనిపిస్తే అవి ఏ దిశలో సాగుతున్నాయో, పక్క దిమ్మెలో కూడా అదే దిశలో ఉన్నాయో లేదో చూడమనండి. గనిలో ఒకే వాలులో ఉన్న పొరలు గోడలోకి వచ్చేసరికి దిమ్మెదిమ్మెకూ ఎలా తిరిగిపోయాయో ఆ చారలే చూపిస్తాయి. ఇవన్నీ అక్కడికి వెళ్లనివారు రాయలేని జవాబులు.

ఒక్క విషయంలో మాత్రం రాజీ పడవద్దని నా విన్నపం. కాల్సైట్, డోలమైట్ తేడాను గుర్తించడానికి పాఠ్యపుస్తకాలు చెప్పే పద్ధతి పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేయడం. కాల్సైట్ వెంటనే నురగెత్తుతుంది, డోలమైట్ పొడి చేస్తే తప్ప అంతగా స్పందించదు. మీ పాఠంలో ఈ పరీక్షను ప్రస్తావిస్తే, ఆ పక్క వాక్యంలోనే స్మారక కట్టడం మీద దీన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయరాదని స్పష్టంగా రాయండి. ఆమ్లం, వెనిగరు, గోరుతో గీకడం, ఇనుప మొనతో గట్టిదనం చూడడం, ఏదీ వద్దు. వేలితో రాస్తే రేణువులు రాలతాయని నేను పైన రాసింది కూడా పరీక్షగా ఇవ్వవద్దు, ఎందుకంటే వందల మంది అదే చోట వేలు రాస్తే ఆ రాయికి మనమే వానలా తయారవుతాం.

కొలబద్ద:

ఎత్తు ప్రశ్నను ఎవరూ పట్టించుకోలేదు కనుక దాని తరఫున నేను మాట్లాడతాను. అది జ్యామితి, భూవిజ్ఞానం కాదని సమీక్షకులు అనవచ్చు. నా ఉద్దేశంలో దాన్ని సరిగ్గా అడిగితే అది పూర్తిగా క్షేత్ర భూవిజ్ఞానమే.

స్తంభానికి 200 అడుగుల దూరంలో నిలబడి పైకి చూడండి. రంగు మారే గీత 150 అడుగుల ఎత్తులో ఉందనుకుంటే అది సుమారు 37 డిగ్రీల కోణంలో, 555 అడుగుల కొన సుమారు 70 డిగ్రీల కోణంలో కనిపిస్తాయి. అంటే కంటికి గీత దాదాపు సగం ఎత్తులో ఉన్నట్టు అనిపిస్తుంది. ఇప్పుడు 2,000 అడుగుల దూరానికి వెళ్లండి. గీత సుమారు 4.3 డిగ్రీల దగ్గర, కొన 15.5 డిగ్రీల దగ్గర ఉంటాయి; నిష్పత్తి నాలుగో వంతుకు కాస్త ఎక్కువ, అసలు నిష్పత్తికి చాలా దగ్గర. దగ్గర నుంచి పైకి చూసినప్పుడు పై భాగమంతా కుదించుకుపోయి కనిపించడమే దీనికి కారణం. నిలువు కొండచరియలో పొరల మందాన్ని కింద నిలబడి అంచనా వేసే ప్రతి భూవిజ్ఞాన విద్యార్థికీ ఎదురయ్యే చిక్కు ఇదే. పై పొరలు పలుచగా ఉన్నాయని నోట్‌బుక్కులో రాసుకుని వచ్చేస్తే మ్యాపంతా తప్పిపోతుంది.

కాబట్టి ప్రశ్నను ఇలా మార్చండి: పాదం దగ్గర నిలబడి గీత మొత్తం ఎత్తులో ఎన్నో వంతులో ఉన్నట్టు కనిపిస్తోందో రాయండి, తరువాత దూరంగా, మీరిచ్చే రెండవ నిర్దేశాంకాల దగ్గరికి వెళ్లి మళ్లీ రాయండి, రెండూ ఎందుకు తేడాగా ఉన్నాయో, కొండచరియ మీద పొరల మందాన్ని కొలవాల్సి వస్తే ఎక్కడ నిలబడతారో చెప్పండి. ఫోన్‌లో కోణం చూపే యాప్ ఉన్నవారు కోణాలతో, లేనివారు చాచిన చేతి వేళ్లతో కొలుచుకోవచ్చు. అడుగుల్లో ఖచ్చితమైన సంఖ్యను మాత్రం అడగవద్దు, ఎందుకంటే ఆ సంఖ్య ఎక్కడైనా దొరుకుతుంది.

దిక్సూచి:

కొలబద్ద గారి సూచనతో ఎత్తు ప్రశ్న నిలబడుతుందని నేనూ ఒప్పుకుంటున్నాను. దూరంగా ఉన్న చోటును రెండవ మజిలీగా జోడించడానికి నియమాలు అడ్డురావు.

ఆచరణకు సంబంధించి రెండు మూడు విషయాలు చెబుతాను. ఆ స్థలం నేషనల్ పార్క్ సర్వీసు ఆధీనంలో ఉంది కనుక సమీక్షకు పంపేముందే వారి అనుమతి తీసుకోండి. లేఖలో ఏమీ దాచడం లేదని, తవ్వడం గానీ తాకడం గానీ ఉండదని మొదటి వాక్యంలోనే చెబితే పని సులువవుతుంది. ఆ చుట్టుపక్కల ఇప్పటికే ఉన్న ఎర్త్‌క్యాష్‌లన్నీ చదివి, ఇదే పాఠం ఎవరైనా చెప్పారేమో చూడండి. ఒకే చోట రెండు ఉండవచ్చు గానీ ఒకే పాఠం రెండుసార్లు ఉండకూడదు. సందర్శకులు జవాబులు మీకు పంపిన వెంటనే తమ సందర్శనను నమోదు చేసుకోవచ్చు, మీ అంగీకారం కోసం ఆగనక్కరలేదు. కాబట్టి వచ్చిన జవాబులను చదివి, తప్పిన చోట ఓపికగా వివరించే బాధ్యత మీది. రేణువుల కొలతకు ఒకే సంఖ్యను సరైన జవాబుగా పెట్టుకోవద్దు. దిమ్మెదిమ్మెకూ తేడా ఉంటుంది, కొంత పరిధిని అనుమతించండి.

రాతిబాట:

మీ ముగ్గురికీ ధన్యవాదాలు. గనుల పేర్లను పాఠంలోకి మార్చి, గూఢలిపినీ అన్‌కన్ఫార్మిటీ పోలికనూ తీసేశాను. ఇప్పుడు ప్రశ్నలు ఇలా ఉన్నాయి: కంటి ఎత్తులోని ఒక దిమ్మెలో మెరిసే రేణువుల వెడల్పు ఎంత, పక్కపక్కనే ఉన్న రెండు దిమ్మెల్లో చారల దిశ కలుస్తోందా, కలవకపోతే అది గనిలో పొరల గురించి ఏం చెబుతుంది, రంగు మారే గీత దగ్గర నుంచీ దూరం నుంచీ ఎన్నో వంతులో కనిపిస్తోంది, ఎందుకు, పాఠంలో చెప్పిన రెండు పాలరాళ్ల కూర్పును బట్టి ఇంకో వెయ్యేళ్లు ఇదే వాన కురిస్తే ఏ భాగం ముందు అరిగిపోతుందని మీరు భావిస్తున్నారు, ఆ అభిప్రాయానికి స్తంభం మీద మీకు కనిపించిన ఆధారం ఏమిటి.

స్ఫటికం గారికి ఒక సందేహం. ఆ నాలుగవ ప్రశ్నలో, ఇప్పుడు కనిపిస్తున్న రంగు తేడానే అరుగుదలకు ఆధారంగా ఎవరైనా చూపిస్తే ఒప్పుకోవచ్చా? ఆమ్ల వాన వల్ల పాలరాయి మీద నల్లటి పెచ్చు కడుతుందని కూడా చదివాను. దాన్ని వెతకమని అడగవచ్చా?

స్ఫటికం:

రంగును ఒంటరి ఆధారంగా ఒప్పుకోవద్దు. రంగులో సగం పాత్ర రాయి పుట్టుకలోనే ఉన్న మలినాలది, అంటే ఇనుము, అభ్రకం, బంకమట్టి అవశేషాలది. మిగిలినది తరువాత పట్టిన మురికిది, ఎండావానలది. పైగా 1934, 1935లలో స్తంభాన్ని శుభ్రం చేశారు, కనుక ఇప్పుడు కనిపిస్తున్నది 1884 నుంచి చేయి పడకుండా మారుతూ వచ్చిన రంగు కాదు. 2011 ఆగస్టు 23న వర్జీనియాలో 5.8 తీవ్రతతో వచ్చిన భూకంపంలో ముఖ్యంగా పై భాగపు రాళ్లు పగిలి పెచ్చులూడాయి; మరమ్మతుల తరువాత 2014 మే నెలలో స్తంభాన్ని తిరిగి తెరిచారు. బైనాక్యులర్‌తో చూసేవారికి అక్కడక్కడా అతుకు రాళ్లు వేరే రంగులో కనిపిస్తే వాటిని శైథిల్యంగా లెక్కించకూడదని పాఠంలో ఒక వాక్యం చేర్చండి. దిమ్మెల అంచులు గుండ్రబడడం, ఉపరితలం గరుకెక్కడం, చుట్టూ ఉన్న కాల్సైట్ కరిగిపోయి అభ్రకపు చారలు పైకి తేలడం లేదా అభ్రకం ఊడిపోయి సన్నటి గాడులు మిగలడం వంటివి చెబితే ఒప్పుకోండి.

నల్ల పెచ్చును ఇక్కడ వెతికించడం వృథా అని నా అభిప్రాయం. గంధకపు ఆమ్లం కాల్సైట్‌తో కలిసి జిప్సం అవుతుంది. వాన నేరుగా తగలని చోట ఆ జిప్సం మసిని పట్టుకుని నల్లటి పెచ్చుగా పేరుకుంటుంది. వాన తగిలే చోట అది ఎప్పటికప్పుడు కడుక్కుపోతుంది. ఈ స్తంభానికి చూరు లేదు, చెక్కిన ఆకులు, పువ్వులు లేవు, నాలుగు వైపులా నున్నటి గోడలే. కాబట్టి పెచ్చు కట్టేందుకు నీడ పట్టున ఉన్న చోటు దాదాపు లేదు. స్తంభాల తలల మీద చెక్కడాలున్న పాలరాతి భవనాల్లో ఆకుల మడతల అడుగున దాన్ని చూడవచ్చు. మీరు ఈ విషయాన్ని వదిలేయకుండా తిరగేసి అడగవచ్చు: ఈ స్తంభం మీద నల్ల పెచ్చు కనిపించకపోవడానికి దాని ఆకారం ఎలా కారణమై ఉంటుందో వివరించమనండి.

షెఫీల్డ్ వరుసల గురించి కూడా ఒక సూచన చేస్తాను. వాటిని బైనాక్యులర్ లేకుండా గుర్తించడం చాలామందికి కష్టం కనుక తప్పనిసరి ప్రశ్నగా పెట్టవద్దు. ఉదయం గానీ సాయంత్రం గానీ ఎండ ఏటవాలుగా పడుతున్న వైపు నుంచి చూసేవారికి రెండు రంగుల మధ్య మూడవ రంగు పట్టీ కనిపిస్తే, దాని పై అంచు, కింది అంచు ఏ వరుసల దగ్గర ఉన్నాయో రాయమని ఐచ్ఛికంగా అడగండి. వాన కురిసిన రోజున రాయి తడిని పీల్చుకుని రంగులన్నీ ముదిరిపోతాయి, కాబట్టి పొడిగా ఉన్న రోజునే చూడమని పక్కనే రాయండి.